ఒకసారికి ఒక్కటే

ఏ లిఫ్టులోకైనా అడుగు పెట్టేముందు అతను కుడికాలి బొటనవేలితో లోపలి నేలను నొక్కి చూస్తాడు. బూటు వేసుకున్నా సరే, వేలు బూటులోనే వంగి నొక్కుతుంది. చూసేవాళ్ళకి నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో చూస్తున్నట్టు ఉంటుంది. మిగతా మనిషి ఆ తర్వాతే లోపలికి వెళ్తాడు.

అతను లిఫ్టు మెకానిక్కు. ఇరవై నాలుగేళ్ళుగా అదే పని. పని నేర్పిన పెద్దాయన మొదటిరోజు ఒకే మాట చెప్పాడు. "తలుపు తెరుచుకుంది కదా అని లిఫ్టు వచ్చిందనుకోకు. తలుపు తలుపే, లిఫ్టు లిఫ్టే." ఆ మాట చెప్పేటప్పుడు పెద్దాయన ఎడమ మోకాలి మీద చెయ్యి వేసుకునేవాడు. ఆ మోకాలు వంగేది కాదు. ఎందుకు వంగదో ఎవరూ అడగలేదు.

కాబట్టి బొటనవేలిది తప్పేం లేదు. అది ఉద్యోగంలో భాగం. చిక్కల్లా, నలభై తొమ్మిదో ఏట అది అతని వెంట ఇంటికి కూడా వచ్చింది.

మొదట వీధి గడప దగ్గర నొక్కాడు. కొన్నాళ్ళకి వంటింటి గడప దగ్గర. ఆ తర్వాత స్నానాల గది. ఒకరోజు పొద్దున మంచం దిగేముందు కాలు కిందికి వేలాడేసి, నేలను నొక్కి, కాసేపు ఆగి, మళ్ళీ నొక్కాడు. భార్య తల దువ్వుకుంటూ చూసింది.

"ఏమండీ, మనది గ్రౌండ్ ఫ్లోరు. దీని కింద ఇంకేం లేదు, మట్టే."

"తెలుసు" అన్నాడు. ఇంకోసారి నొక్కాడు.

ఆ ఏడాది అతనిలో వచ్చిన మార్పులన్నీ చిన్న చిన్నవే. తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చేది. బెల్టుకి రెండు కొత్త రంధ్రాలు పొడిచాడు. పొద్దునంతా గుండె ఎవరో తరుముతున్నట్టు కొట్టుకునేది, సాయంత్రానికి ఎవరూ తరమడానికి కూడా రానట్టు చల్లబడేది. నలుగురు నవ్వే చోట, ఇక్కడ నవ్వాలి అని గుర్తొచ్చేది. నవ్వేవాడు. కాకపోతే ఒక్క క్షణం ఆలస్యంగా. ఏడుపు రాలేదు. వస్తే బాగుండునని కూడా అనిపించలేదు. వయసు మీద పడుతోంది, ఇంతే కాబోలు అనుకున్నాడు.

విషయం బయటపడింది మాత్రం పన్నెండంతస్తుల భవనంలో. అన్నీ ఆఫీసులు, ఆరు లిఫ్టులు. మూడు నెలలకోసారి ఒక్కొక్క లిఫ్టునీ ఆపి, తాళ్ళు, బ్రేకు, తలుపులు, పట్టాలు అన్నీ చూసి, రిజిస్టరులో ఒక వాక్యం రాసి సంతకం పెట్టాలి. ఆ వాక్యం ఎప్పుడూ ఒకటే. 'పరీక్షించాను. జనం ఎక్కవచ్చు.' ఇరవై నాలుగేళ్ళలో ఈ మాట ఎన్నిసార్లు రాశాడో అతనికే తెలీదు.

ఆ రోజు ఆరో లిఫ్టు దగ్గర రాశాడు. సంతకానికి పెన్ను ఆనించాడు. బ్రేకు గుర్తొచ్చింది. డాబా మీది మెషీను గదికి ఎక్కి, బ్రేకు చూసి, దిగాడు. పెన్ను ఆనించాడు. మళ్ళీ ఎక్కాడు.

అతని జోడీ వచ్చి వెతికేసరికి అతను మెషీను గదిలో, మోటారు పక్కన, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో రిజిస్టరు.

ఈ జోడీ సంగతి చెప్పాలి. లిఫ్టు పని ఇద్దరు చేయాల్సిన పని. ఒకడు లిఫ్టు నెత్తిన నిలబడితే ఒకడు మోటారు దగ్గర ఉంటాడు. ఆ రెండోవాడిని కంపెనీలో అందరూ కౌంటర్‌వెయిట్ అంటారు. అంటే లిఫ్టు పైకి పోతే తను కిందికి, లిఫ్టు దిగితే తను పైకి పోయే ఇనుప దిమ్మె. ఆ పేరు సగం ఒంటిని బట్టి వచ్చింది, సగం నోటిని బట్టి. ఎవరేమన్నా అతను దానికి ఎదురు చెబుతాడు. ఇద్దరూ పద్దెనిమిదేళ్ళుగా ఒకే తాడుకి రెండు కొసల్లా తిరుగుతున్నారు.

"ఏరా, ఇంటికి పోవా?"

"బ్రేకు చూస్తున్నా."

"ఎన్నిసార్లు చూశావు?"

"పదకొండు."

"ఎలా ఉంది?"

"బాగుంది."

"మరి?"

"బాగుందని తెలుసు. తెలిసింది చేతి దాకా రావడం లేదు."

కౌంటర్‌వెయిట్ దీనికి ఎదురు చెప్పలేదు. అదీ అతన్ని భయపెట్టింది. తనే వెళ్ళి బ్రేకు చూసి, తనే సంతకం పెట్టాడు. కింద జనం రెండు గంటలుగా మిగతా ఐదు లిఫ్టుల ముందు బారులు తీరి ఉన్నారు.

మర్నాడు సూపర్‌వైజరు పిలిచాడు. ఆయన మాటల్ని నట్లలాగా లెక్కపెట్టి ఇచ్చే మనిషి. "మూడు నెలలు స్టోరులో కూర్చో. తర్వాతి తనిఖీ రోజు అదే బిల్డింగు, అవే ఆరు లిఫ్టులు. ఆరింటికీ సంతకం పెడితే నీ పని నీది. పెట్టలేకపోతే స్టోరే నీ పని, రిటైరయ్యేదాకా."

స్టోరు చెడ్డ చోటేం కాదు. నట్లు, బోల్టులు, బేరింగులు, ఒక బల్ల, ఒక కిటికీ. కాకపోతే స్టోరు కదలదు. పొద్దున ఎక్కడ ఉందో సాయంత్రం అక్కడే ఉంటుంది. ఇరవై నాలుగేళ్ళు పైకీ కిందికీ తిరిగినవాడికి అది మరీ కష్టం.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది కౌంటర్‌వెయిటే. "నాకేం లేదు" అని అతను అనబట్టి, "ఉంది" అన్నాడు. మనసు డాక్టరు మూడో అంతస్తులో ఉంది. అక్కడి లిఫ్టు వేరే కంపెనీది. బొటనవేలితో నొక్కి, "నేలకి రెండు వేళ్ళ కిందే ఆగింది" అన్నాడు. కౌంటర్‌వెయిట్, "వైద్యం నీకు, లిఫ్టుకి కాదు. ఎక్కు" అన్నాడు.

డాక్టరు అతనికంటే పదేళ్ళు చిన్నది. చాలా ప్రశ్నలు అడిగి ఒక్కోదానికీ అంకె వేసుకుంది. నిద్ర, ఆకలి, కంగారు, ఆసక్తి. అతను బాగానే జవాబు చెప్పాడు. ఫిర్యాదు ఎలా రాయాలో తెలిసినవాడు.

"చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?"

"లేదండీ. పొద్దున లేవడం అనవసరమనిపిస్తుంది."

"రెండూ వేరు. రెండూ రాసుకుంటాను" అంది. రాసుకుని, కలం కింద పెట్టి, అతని వైపు చూసి చెప్పింది. దిగులు జబ్బు, కంగారు జబ్బు రెండూ ఉన్నాయి. రెంటికీ ఒకే మందు. వారం రోజులు సగం మాత్ర, తర్వాత నిండు మాత్ర. పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. మొదట్లో కంగారు కాస్త పెరగొచ్చు, కడుపులో తిప్పొచ్చు. మరీ కష్టమనిపిస్తే వెంటనే ఫోను చేయాలి. "ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. బాగుందని మీ అంతట మీరు ఆపకండి."

అతనికి ఒకటే సందేహం. "ఏ పార్టు పోయిందండీ?"

"ఫలానా పార్టు అని వేలు పెట్టి చూపించలేమండీ."

"పార్టు తెలీకుండా బాగుచేస్తారా?"

"మీకు తెలీనప్పుడు మీరెలా చేస్తారు?"

"ఒకసారికి ఒక్కటే మారుస్తాం. మార్చి, నడిపి చూస్తాం. రెండు మారిస్తే ఏది బాగుచేసిందో తెలీదు."

"మేమూ దాదాపు అంతే" అంది డాక్టరు. ఆ తర్వాత, రోజూ కాసేపు నడిస్తే మంచిదనీ, కింది అంతస్తులో మాట్లాడి సాయం చేసే ఆవిడ ఉందనీ, వారానికోసారి ఆమెను కలవమనీ చెప్పింది. అతను తల అడ్డంగా ఊపాడు.

"ఒకసారికి ఒక్కటే అన్నాను కదండీ."

డాక్టరు కలం మళ్ళీ చేతిలోకి తీసుకుని, ఏదో రాయబోయి, మానుకుంది.

మందు చీటీ అతను ఎవరికీ చూపించలేదు. చొక్కా జేబులో పెట్టుకుని మర్చిపోయాడు. అతని భార్య బట్టలుతికే దుకాణంలో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. వచ్చిన ప్రతి బట్టకీ చీటీ కట్టేముందు జేబులు తడిమి చూడాలి. జేబులు చూడడం ఆమె ఉద్యోగం. ఇంట్లో కూడా చూస్తుంది, చూస్తున్నట్టు తనకే తెలీదు.

భోజనాల దగ్గర చీటీ తీసి, కూర గిన్నె పక్కన పెట్టింది.

"ఇదేంటి?"

అతను నీళ్ళు నమిలాడు. "మాత్రలు."

"మాత్రలని నాకూ తెలుస్తోంది. దేనికి?"

"సంతకానికి."

బల్లకి అవతల కూర్చున్న అతని అత్తగారు చీటీ అందుకుని, కళ్ళజోడు సవరించుకుని, మొత్తం చదివి పెదవి విరిచింది.

"ఒక్కటేనా?"

అత్తగారు రోజుకి ఆరు మాత్రలు వేసుకుంటుంది. వాటికో ప్లాస్టిక్ డబ్బా ఉంది, వారానికి ఏడు గళ్ళు. ప్రతి ఆదివారం పొద్దున బల్ల తుడిచి, ఎవర్నీ మాట్లాడనీకుండా, గళ్ళు నింపుతుంది. ఆ ఇంట్లో అంతకంటే పెద్ద పని ఇంకోటి లేదు.

"నా డబ్బాలో చోటుంది బాబూ. నావన్నీ రంగులవి, నీది తెల్లది. కలిసిపోవు. నువ్వైతే మర్చిపోతావు."

"అమ్మా, అది పంచుకునే వస్తువా?" అంది భార్య.

"మాత్ర పంచుకోవడం లేదే. గది అద్దెకిస్తున్నా."

అలా అతని మాత్ర అత్తగారి డబ్బాలో చేరింది. అతను ఇంట్లో ఒక నియమం పెట్టాడు. ఆరు వారాలు ఇంట్లో ఏమీ మార్చకూడదు. పడుకునే వేళ, తినే వేళ, దిండు, కుర్చీ, ఏదీ. మారిస్తే మందు పనిచేసిందో లేదో తెలీదు.

భార్య పైకి చూసింది. బల్ల మీది ఫ్యాను నెల రోజులుగా కీచుమంటోంది. ఒక్కో చుట్టుకి ఒక్కో కీచు.

"ఫ్యానుకి నూనె వేయిస్తా, ఉండండి. పిచ్చెక్కుతోంది."

"వద్దు."

"ఫ్యానుకీ మీ మందుకీ ఏంటండీ సంబంధం?"

"లేదని ఎలా తెలుసు?"

ఫ్యాను కీచుమంటూనే ఉంది.

ఒక పాత నోటుపుస్తకంలో అతను రోజువారీ రాయడం మొదలుపెట్టాడు. తేదీ, నిద్ర గంటలు, బొటనవేలు ఎన్నిసార్లు నొక్కింది. చివరి గడిలో వ్యాఖ్య. మొదటి వారమంతా వ్యాఖ్యలు చిన్నవి. 'కడుపులో తిప్పింది.' 'ఆవలింతలు, నలభై దాకా.' 'చేతులు వణికాయి. స్టోరులో వాషర్ల ట్రే కిందపడింది.' 'కంగారు ఎక్కువైంది. డాక్టరు ముందే చెప్పింది. చెప్పినా ఎక్కువైంది.' బొటనవేలు గడిలో అరవై ఒకటి.

రెండో వారంలో ఒకరోజు స్టోరు నుంచి డాక్టరుకి ఫోను చేశాడు. పనిచేయడం లేదన్నాడు. ఎన్నో రోజు అని ఆమె అడిగింది. పదకొండు అన్నాడు. "కొత్త తాడు ఇంకా సర్దుకోలేదండీ" అంది. అతనికి ఆ మాట నచ్చింది. కొత్త తాడు వేస్తే కొన్నాళ్ళు సాగుతుంది, దాని మానాన దాన్ని సాగనివ్వాలి. ఆ సంగతి ఆమెకెలా తెలుసో అడుగుదామనుకునేలోపు ఫోను పెట్టేసింది.

మూడో వారం, నాలుగో వారం రాయడానికేం లేదు. 'మామూలే' అని రాశాడు. పద్నాలుగు రోజులు పద్నాలుగు మామూలేలు.

ఐదో వారంలో ఒక సాయంత్రం భోజనం చేస్తూ తల ఎత్తి ఫ్యాను వైపు చూశాడు.

"ఈ చప్పుడేంటి?" అన్నాడు.

భార్య గరిటె చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. అత్తగారు నెమ్మదిగా, "రెండు నెలల్నుంచి వస్తోంది బాబూ" అంది.

"ఇంత గట్టిగానా?"

"ఇంత గట్టిగానే."

అతను ఇంకో ముద్ద తిని, కూర బాగుందన్నాడు. భార్య లేచి వంటింట్లోకి వెళ్ళింది. అవసరం లేకపోయినా కుళాయి తిప్పిన శబ్దం వచ్చింది.

ఆ రోజు బొటనవేలు గడిలో ఇరవై ఆరు. ఆ పై వారం పన్నెండు. ఏడో వారంలో నాలుగు. తెల్లవారుజాము మెలకువ ఆరింటికి జరిగింది. స్టోరులో కౌంటర్‌వెయిట్ ఎవరినో ఏదో అంటే, అతను సరిగ్గా సమయానికి నవ్వాడు. కౌంటర్‌వెయిట్ మాట ఆపి, "ఇప్పుడు నవ్వావా?" అన్నాడు. "నవ్వాను" అన్నాడు అతను, కొంచెం సిగ్గుపడి.

తనిఖీకి ఇంకా రెండు వారాలుంది. అంతా సవ్యంగా ఉండాల్సిన మాట. కాని కౌంటర్‌వెయిట్ ఒక కోటు ఉతకడానికి వేసి వచ్చాడు.

"మీ ఆవిడ పొద్దున్నే ఆరింటికే కౌంటరులో ఉంది. ఆ షిఫ్టు కష్టం కదరా?"

"వాళ్ళ దుకాణం ఇప్పుడు సాయంత్రాలు తొందరగా మూస్తున్నారు."

"ఎవరన్నారు? ఎనిమిదింటిదాకా తెరిచే ఉంటుంది. ఇంకో అమ్మాయితో మార్చుకుందట. సాయంత్రం నువ్వు వచ్చేసరికి ఇంట్లో ఉండాలని."

"ఎప్పటి నుంచి?"

"నెలన్నర అయిందట" అన్నాడు కౌంటర్‌వెయిట్. అప్పుడు అతని మొహం చూసి, నోరు జారిందని గ్రహించాడు.

అతను ఇంటికి వెళ్ళి నిలదీశాడు. "చెప్పకుండా మార్చావా?"

"చెబితే ఒప్పుకుంటారా?"

"నేనేమన్నాను? ఏమీ మార్చొద్దన్నానా లేదా?"

"ఫ్యాను మార్చొద్దన్నారు, దిండు మార్చొద్దన్నారు. సరే అన్నాను. మీరు స్టోరు నుంచి వచ్చి ఒక్కరూ గోడ చూస్తూ కూర్చుంటే, నేను జనం ప్యాంట్ల జేబులు చూస్తూ కూర్చోవాలా? నా వల్ల కాలేదు. నన్నూ ఆ నోటుపుస్తకంలో రాసుకోండి."

అతను నోటుపుస్తకం తెరిచాడు. ఆమె అన్నది తప్పని కాదు. లెక్క చెడింది. రెండు మార్పులు ఒకేసారి జరిగాయి. బాగుచేసింది మాత్రా, మనిషా?

వాళ్ళ పనిలో దీనికో దారి ఉంది. కొత్త పార్టు వేశాక లిఫ్టు బాగుపడితే, అదే కారణమని అప్పుడే రాసెయ్యరు. కొత్తది విప్పి పాత పార్టు మళ్ళీ వేసి నడుపుతారు. రోగం తిరిగొస్తే కారణం దొరికినట్టు. రాకపోతే వేరేచోట వెతకాలి. ఈ పరీక్ష చేయకుండా కారణం రాసినవాణ్ణి అతను ఇన్నేళ్ళుగా పనివాడిగా లెక్కపెట్టలేదు.

మర్నాటి నుంచి మాత్ర మానేశాడు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంకో మార్పు అవుతుంది. పొద్దున్నే అత్తగారి డబ్బాలోంచి తన తెల్ల మాత్ర తీసుకునేవాడు, నీళ్ళు తాగేవాడు, మాత్ర గుప్పిట్లోనే ఉండేది. జేబులు చూసే మనిషితో ఇరవై రెండేళ్ళు కాపురం చేసినవాడు జేబులో దాచడు. పనిముట్ల పెట్టెలో స్ప్రింగు వాషర్ల సీసా ఉంది. రోజుకొకటి అందులో పడింది.

నాలుగో రోజు తల తిప్పినప్పుడల్లా లోపల చిన్న షాకులు కొట్టినట్టయింది. విడి తీగ తగిలినట్టు. నోటుపుస్తకంలో రాశాడు. ఏడో రోజు నాలుగింటికి మెలకువ వచ్చింది. రాశాడు. తొమ్మిదో రోజు వంటింటి గడప దగ్గర బొటనవేలు ఆగింది. అత్తగారు బల్ల దగ్గరి నుంచి చూసి, ఏమీ అనకుండా, డబ్బాలో ఆ రోజు గడి మూత తెరిచి చూసింది. ఖాళీగా ఉంది. మూత వేసింది.

పన్నెండో రోజు తనిఖీ వచ్చింది.

ఐదు లిఫ్టులు అయ్యాయి. ఎలా అయ్యాయో అతనికే తెలీదు. అతను లిఫ్టు నెత్తిన నిలబడి "పైకి" అంటే మోటారు దగ్గర్నుంచి కౌంటర్‌వెయిట్ "పైకి" అన్నాడు. "ఆపు" అంటే "ఆపాను" అన్నాడు. అన్న మాట తిరిగి వినపడేదాకా ఎవరూ కదలకూడదు, అది పద్ధతి. ఆ పద్ధతి పట్టుకుని ఐదింటికీ సంతకం పెట్టాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

ఆరో లిఫ్టుకి మెషీను గదిలో బ్రేకు చూశాడు. బాగుంది. రిజిస్టరు తెరిచాడు. 'పరీక్షించాను' అని రాశాడు. మిగతా సగం దగ్గర పెన్ను ఆగింది.

లేచి బ్రేకు చూశాడు. వచ్చి కూర్చున్నాడు. లేచాడు.

కౌంటర్‌వెయిట్ గోడ వైపు తిరిగి స్విచ్చుబోర్డు మూత బిగిస్తున్నాడు. కావాలనే అటు తిరిగాడు. "ఒక స్ప్రింగు వాషరు తీసుకుంటున్నా" అని అతని పెట్టెలోని సీసా తెరిచి అరచేతిలో వంపుకున్నాడు.

వాషర్లతో పాటు తెల్లవి దొర్లాయి.

కౌంటర్‌వెయిట్ వాటిని వేలితో కదిపి చూశాడు.

"ఏరా, వాషర్లకి కూడా ఒంట్లో బాగాలేదా?"

అతను వచ్చి బకెట్టు మీద కూర్చుని రిజిస్టరు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎన్ని?"

"పన్నెండు."

"ఎందుకు?"

"ఏది బాగుచేసిందో తెలియాలి కదా. పాత పార్టు వేసి చూశాను."

"చూశావా?"

"చూశాను."

"తిరిగొచ్చిందా?"

అతను ఒళ్ళోని రిజిస్టరు వైపు చూసి, "వచ్చింది" అన్నాడు.

కౌంటర్‌వెయిట్ మాత్రలు ఒక్కొక్కటే ఏరి సీసా మూతలో పెట్టాడు. ఆ లావు వేళ్ళతో ఆ పని చేయడానికి చాలాసేపు పట్టింది. తర్వాత బకెట్టు ఇంకోటి బోర్లించి ఎదురుగా కూర్చున్నాడు.

"పాత పార్టు వేసి నడిపేటప్పుడు మనం మొట్టమొదట ఏం చేస్తాం?"

"అన్ని అంతస్తుల్లోనూ బోర్డులు పెడతాం."

"ఎందుకు?"

"జనం ఎక్కకూడదు. ఖాళీ లిఫ్టుతో చేయాల్సిన పరీక్ష."

"నువ్వు ఖాళీగా ఉన్నావా?"

అతను తల ఎత్తాడు.

"మీ ఆవిడ లోపల ఉంది. మీ అత్తగారు లోపల ఉంది, ఆరు మాత్రలతో సహా. నేనున్నాను, నా బరువు నీకు తెలుసు. ఇందరం లోపల ఉండగా బ్రేకు విప్పి చూశావేంట్రా?"

పనిలో ఒకరు తన తప్పు పట్టడం అతనికి అలవాటు లేని సంగతి. అందులోనూ అంత ఒకటో తరగతి తప్పు.

డాబా మీదికి వెళ్ళి డాక్టరుకి ఫోను చేశాడు. ఆపి ఎన్ని రోజులైందో చెప్పాడు. ఎందుకు ఆపాడో చెప్పాడు. అటువైపు కాగితం తిప్పిన చప్పుడు వినపడింది.

"రేపు పొద్దున్నుంచి మళ్ళీ సగం. ఎల్లుండి వచ్చి నాకు కనపడండి."

అంతే. తిట్టలేదు. తిడితే బాగుండుననుకున్నాడు. అనుకుని, ఏదో ఒకటి బాగుండుననిపించినందుకు కొంచెం ఆశ్చర్యపోయాడు.

లోపలికి వచ్చి రిజిస్టరు తీసుకున్నాడు. 'పరీక్షించాను' తర్వాత ఖాళీ వదిలాడు. వ్యాఖ్యల గడిలో రాశాడు. 'లిఫ్టులో లోపం లేదు. సంతకం జోడీది.' కౌంటర్‌వెయిట్ తనూ ఒకసారి బ్రేకు చూసి, మిగతా వాక్యం రాసి, సంతకం పెట్టాడు.

సూపర్‌వైజరు దగ్గరికి అతనొక్కడే వెళ్ళాడు. తోడు వస్తానంటే వద్దన్నాడు. ఆయన బల్ల మీద రిజిస్టరు తెరిచి పెట్టాడు.

"ఐదే ఉన్నాయి."

"ఐదే సార్."

"ఆరోదానికి బ్రేకు బాగాలేదా?"

"బ్రేకు బాగుంది సార్. నేను బాగాలేను." ఇక్కడ ఆగుదామనుకున్నాడు. మాట దానంతటదే ముందుకి వెళ్ళింది. "దిగులు జబ్బు, కంగారు జబ్బు. మందు వేసుకుంటున్నాను. పనిచేసింది. పనిచేస్తోందో లేదో చూద్దామని నేనే ఆపాను. తప్పు నాది. రేపటి నుంచి మళ్ళీ మొదలు. ఆరు వారాలు పడుతుంది."

సూపర్‌వైజరు ఫ్లాస్కులోంచి టీ పోసుకున్నాడు. తాగాడు. కప్పు కింద పెట్టాడు.

"నాకు బీపీ" అన్నాడు.

గదిలో ఇద్దరూ కాసేపు ఎవరి జబ్బుతో వాళ్ళు ఉన్నారు.

"తర్వాతి తనిఖీకి ఇంకా మూడు నెలలుంది" అన్నాడు ఆయన చివరికి. "అందాకా నీ జోడీ వెంట తిరుగు. చూడడం నువ్వు, సంతకం వాడు. అప్పుడు ఆరింటికీ నువ్వే పెట్టు. స్టోరులో నట్లన్నీ నువ్వు సర్దేశావట, ఇంక అక్కడ పనేం లేదు." తలుపు దాకా వెళ్ళాక వెనక నుంచి పిలిచాడు. "ఇదే ఆఖరు."

"సరే సార్."

ఇంటికి వెళ్ళి భోజనాల బల్ల మీద సీసా మూత పెట్టాడు. పన్నెండు మాత్రలు. పైన ఫ్యాను కీచుమంటోంది. జరిగిందంతా చెప్పాడు, నోటుపుస్తకంలో రాసినట్టే, తేదీల ప్రకారం. భార్య మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అయిపోయాక అడిగింది.

"అయితే ఏం తేలింది? మాత్రా, నేనా?"

"మాత్ర మానేశాక తిరిగొచ్చింది. మాత్రే."

"ఓహో."

"నువ్వు మానేస్తే ఏమవుతుందో తెలీదు."

"అదీ పరీక్షిస్తారా?"

"లేదు" అన్నాడు. వెంటనే అన్నాడు, ఒక్క క్షణం కూడా ఆలస్యం కాకుండా.

ఆమెకి ఒళ్ళు మండుతూనే ఉంది. అది మొహంలో తెలుస్తోంది. కాని కంచంలో కూర వడ్డించింది. అత్తగారు మాత్రలు ఒక్కొక్కటే వెలుగుకి పట్టి చూసి, నూనె అంటినవి పక్కన పెట్టి, "ఇవి పనికిరావు" అంది. "తొమ్మిదో రోజే నాకు తెలుసు బాబూ. గడి ఖాళీగా ఉంది, నీ మొహం నిండుగా ఉంది."

"మరి చెప్పలేదేం అత్తయ్యా?"

"ఏమీ మార్చొద్దన్నావుగా."

మర్నాడు పొద్దున అత్తగారు కొత్త మాత్ర తీసి, తన చిన్న చాకుతో సగానికి కోసింది. ఒక సగం డబ్బాలో వేసి, ఒక సగం అతని అరచేతిలో పెట్టింది. నోట్లో వేసుకుని నీళ్ళు తాగేదాకా చూసింది. తర్వాత "నాలుక ఎత్తు" అంది. ఎత్తాడు.

పనికి బయలుదేరడానికి ఇంకా పావుగంట ఉంది. అతను పనిముట్ల పెట్టె తెరిచి నూనె డబ్బా తీశాడు. కుర్చీ బల్ల పక్కకి లాగి, ఎక్కి, ఫ్యానుకి నూనె వేశాడు. రెండు చుక్కలు. ఇంకో చుక్క. దిగి స్విచ్చి వేశాడు.

ఆ రోజు దుకాణానికి సెలవు పెట్టి వంటింట్లో ఉన్న భార్య కేకేసింది. "ఫ్యాను ఆగిపోయిందా?"

"తిరుగుతోంది."

ఆమె చెయ్యి తుడుచుకుంటూ వచ్చి తల ఎత్తి చూసింది. ఫ్యాను చప్పుడు లేకుండా తిరుగుతోంది. ఆమె ఏదో అనబోయి, నూనె డబ్బా చూసి, అతని అరచెయ్యి చూసి, "ఒకేరోజు రెండా?" అంది.

"సాయంత్రం నడకకి వెళ్దాం" అన్నాడు. "మూడు."

పెట్టె తీసుకుని వీధి గడప దగ్గరికి వచ్చాడు. బొటనవేలు ఆగింది. నొక్కాడు. కాసేపు ఆగి ఇంకోసారి నొక్కాడు.

బల్ల దగ్గర్నుంచి అత్తగారు, డబ్బా మూత వేస్తూ, తల ఎత్తకుండానే అంది.

"నేల ఉంది బాబూ. వెళ్ళు."

"వెళ్తున్నా" అన్నాడు. వెళ్ళాడు.